నాలుక ముడి విప్పే చదువు

మన ముస్లిం కుటుంబాలలో నేడు రెండు రకాల చదువులు సాగుతున్నాయి. ఒకే ఇంట్లో పెద్ద కుమారుడు మదర్సాలో ఆలిమ్ కోర్సు చదువుతుంటాడు. చిన్న కుమార్తె వీధి చివరనున్న ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తుంటుంది. కుమారుడు అరబ్బీ వ్యాకరణంలోని సూక్ష్మ విషయాలను విడమరచి చెప్పగలడు. బ్యాంకులో ఖాతా తెరిచే ఫారం చేతికిస్తే మాత్రం పక్కవారి వైపు చూస్తాడు. కుమార్తె పాఠ్యపుస్తకంలోని జవాబును ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. అదే జవాబును సొంత మాటల్లో చెప్పమంటే తల వంచుకుంటుంది. వీరిద్దరి చదువులూ వేరు. ఆంగ్లం విషయంలో మాత్రం ఇద్దరి స్థితీ ఒకటే. ఏళ్ల తరబడి ఆ భాష వారి కళ్ల ముందు ఉన్నది గాని నాలుకపైకి రాలేదు.

ఈ మౌనానికి మనం చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. గల్ఫ్ దేశాలకు వెళ్లే మన యువకులు తమ జీతమూ సెలవులూ పని గంటలూ నిర్ణయించే ఒప్పంద పత్రంపై అందులో ఏమున్నదో తెలియకుండానే సంతకం చేస్తున్నారు. వైద్య పరీక్షల నివేదికను చదివి చెప్పేవారి కోసం తల్లిదండ్రులు ఇరుగుపొరుగు ఇళ్లకు తిరుగుతున్నారు. తరగతిలో సందేహం వచ్చిన ఆడపిల్ల, ఇంగ్లీషులో అడగడం రాక, ఆ సందేహాన్ని అలాగే ఇంటికి మోసుకొస్తున్నది. మస్జిద్‌లో ఇమామ్ గారి వద్దకు వచ్చే కాలేజీ పిల్లలు సగం ఇంగ్లీషులో ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్న ఆయనకు అందకపోతే వారు ఫోను తెరిచి, ఎవరు చెప్పారో తెలియని జవాబును ఇంగ్లీషులోనే వెతుక్కుంటారు. ధర్మం తెలిసినవారికి ఆ భాష రాదు, ఆ భాష వచ్చినవారికి ధర్మం తెలియదు. ఈ రెండింటి మధ్య మన పిల్లలు నిలబడి ఉన్నారు.

మేము సుమారు మూడు దశాబ్దాలుగా మదర్సాలో అరబ్బీ బోధిస్తున్నాము. కొన్నేళ్లుగా పై తరగతుల విద్యార్థులకు ఆంగ్లం నేర్పడంలోనూ పాలుపంచుకుంటున్నాము. ఈ అనుభవంతో పాఠకులకు ఒక్క మాట విన్నవించదలచాము. ఆంగ్లం నేర్పడానికి కావలసిన సాధనాలు చాలావరకు మన మక్తబ్‌లలో, హిఫ్జ్ తరగతులలో, అరబ్బీ పాఠాలలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఆంగ్లానికి కూడా ఉపయోగించాలన్న ఆలోచనే మనకు కొరవడింది.

చర్చ ముగిసింది, పని మిగిలింది

పరభాష నేర్చుకోవచ్చునా అన్న చర్చకు మన చరిత్రలో ఏనాడో సమాధానం దొరికింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమకు వచ్చే ఉత్తరాలను చదివి, వాటికి జవాబులు రాయడం కోసం యూదుల లిపిని నేర్చుకోమని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజియల్లాహు అన్హు)ను ఆదేశించారు. ఆ యువ సహాబీ పదిహేను రోజులైనా గడవకముందే దానిని నేర్చుకున్నారని తిర్మిజీ గ్రంథంలోని హదీసు తెలుపుతున్నది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయన నేర్చుకున్నది పరీక్ష కోసం కాదు. ఎదుట ఒక ఉత్తరం ఉన్నది, దానికి జవాబు వెళ్లాలి. అవసరం కళ్లెదుట ఉండటం వల్ల ఆ చదువు త్వరగా అబ్బింది.

మన దేశంలో షా అబ్దుల్ అజీజ్ దెహ్లవీ (1746–1824) ఆంగ్లం నేర్చుకోవడం ధర్మసమ్మతమేనని ఫత్వా ఇచ్చారు. లక్నోలోని నద్వాలో ఆంగ్ల బోధనకు చోటుండాలని అల్లామా షిబ్లీ నోమానీ (1857–1914) పట్టుబట్టారు. దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్‌లో నేడు ఆంగ్ల భాషా సాహిత్యాల కోసం ఒక ప్రత్యేక విభాగమే నడుస్తున్నది.

మన హైదరాబాద్‌కు ఈ విషయంలో గర్వించదగిన వారసత్వం ఉన్నది. మార్మడ్యూక్ పిక్తాల్ 1925లో నిజాం ప్రభుత్వ కొలువుకు వచ్చి ఇక్కడి ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. 1927లో మొదలైన ‘ఇస్లామిక్ కల్చర్’ అనే ఆంగ్ల పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆయన చేసిన ఖుర్ఆన్ ఆంగ్లానువాదం 1930లో వెలువడింది. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) ఈ నగరంలోనే పుట్టి, జామియా నిజామియాలోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ చదివారు. ఆంగ్లంలో ప్రామాణిక గ్రంథాలు రచించారు, ఫ్రెంచి భాషలోకి ఖుర్ఆన్‌ను అనువదించారు. మదర్సా చదువు ఆయన ఇతర భాషలకు అడ్డం రాలేదు, ఇతర భాషలు ఆయన ధార్మిక విద్యను తగ్గించలేదు. కనుక ఇప్పుడు మన ముందున్న ప్రశ్న ‘నేర్పవచ్చునా’ అన్నది కాదు, ‘ఎలా నేర్పాలి’ అన్నదే.

పదేళ్లు చదివినా ఎందుకు రావడం లేదు?

ఒక విద్యార్థి తజ్వీద్ నియమాల పుస్తకాన్ని ఆమూలాగ్రం కంఠస్థం చేశాడనుకుందాం. ఇఖ్ఫా అంటే ఏమిటో, ఇద్గామ్ అంటే ఏమిటో అడిగిన వెంటనే చెబుతాడు. కాని ఉస్తాద్ ఎదుట కూర్చుని ఒక్కరోజు కూడా పారాయణం చేయలేదు. అతడికి ఖిరాఅత్ వచ్చిందని మనం ఒప్పుకుంటామా? ఆంగ్లం విషయంలో మన బడులలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. కాలాలు ఎన్నో, భాషాభాగాలు ఎన్నో పిల్లవాడికి తెలుసు. ఆ భాషలో నాలుగు మాటలు వినడం, నాలుగు మాటలు పలకడం మాత్రం రోజులో పది నిమిషాలైనా జరగదు.

రెండవ కారణం, స్థాయికి మించిన పాఠాలు. ప్రతి పంక్తిలో ముగ్గురు నలుగురు అపరిచితులు ఎదురైతే విద్యార్థి ఎవరితోనూ స్నేహం చేయలేడు. పదాలూ అంతే. పాఠం అర్థం కానప్పుడు మిగిలేది గైడు, దానిని కంఠస్థం చేయడం. కంఠస్థం చేసిన జవాబు పరీక్ష గదిలో ఉపయోగపడుతుంది, ఆసుపత్రి కౌంటరు వద్ద ఉపయోగపడదు.

మూడవ కారణం భయం. తప్పు మాట్లాడితే నవ్వుతారన్న భయం ఒక్కసారి నాటుకుంటే ఆ పిల్లవాడు నోరు విప్పడు. నోరు విప్పనివాడికి భాష రాదు.

1979 నుండి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు పాఠశాలల్లో ఎన్.ఎస్. ప్రభు అనే విద్యావేత్త ఒక ప్రయోగం నడిపారు. అందులో వ్యాకరణ పాఠాలు లేవు. రైళ్ల సమయ పట్టికను, ఊరి పటాన్ని పిల్లల ముందు ఉంచి, ఈ రైలు ఎన్ని గంటలకు చేరుతుంది, ఈ వీధి నుండి ఆ వీధికి ఎలా వెళ్లాలి వంటి చిన్న సమస్యలను ఆంగ్లంలోనే పరిష్కరింపజేశారు. మనసు అర్థంపై లగ్నమైనప్పుడే భాష బాగా అబ్బుతుందన్నది ఆయన సిద్ధాంతం. జైద్ (రజి) ఎదుట ఉత్తరం ఉన్నట్లే ఈ పిల్లల ఎదుట ఒక పని ఉన్నది.

విద్యార్థి వద్ద ముందే ఉన్న మూలధనం

మదర్సా విద్యార్థి ఆంగ్లం ముందు తనను తాను నిరుపేదగా భావిస్తాడు. నిజానికి మామూలు బడిలో చదివే పిల్లవాడి వద్ద లేని కొంత సొమ్ము అతడి వద్ద ఉన్నది.

మొదటిది ఉచ్చారణ. ఆలోచించడం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటను తెలుగులో ‘థింక్’ అని రాసి, ‘రథం’లోని ‘థ’ వలె పలుకుతాం. అసలు ధ్వని అది కాదు. అరబ్బీలో ‘తా’ తరువాత వచ్చే ‘సా’ అక్షరాన్ని పలికేటప్పుడు నాలుక కొస ఎక్కడ ఆనుతుంది? పై ముందు పళ్ల అంచుకు. ఆ ఇంగ్లీషు ధ్వనికి కూడా మఖ్‌రజ్ అదే. ‘దిస్’, ‘దట్’ వంటి మాటల్లోని మొదటి ధ్వని ‘దాల్’ తరువాత వచ్చే ‘జాల్’ అక్షరం. ఉర్దూ మాట్లాడేటప్పుడు ఈ అక్షరాల మధ్య తేడా చూపము గాని ఖుర్ఆన్ పారాయణంలో ప్రతి హాఫిజ్ చూపుతాడు. అలాగే ‘జూ’ అనే జంతుశాలలోని ధ్వని ‘రా’ తరువాత వచ్చే ‘జా’; ‘జగ్’లోని ధ్వని ‘జీమ్’. పడమర దిక్కుకు ఇంగ్లీషులో ‘వెస్ట్’ అంటారు, లోపలి బనీనుకూ ‘వెస్ట్’ అంటారు. తెలుగు లిపిలో రెండూ ఒకటే. మొదటిది రెండు పెదవులను గుండ్రంగా చుట్టి పలికే ‘వావ్’. రెండవది ‘ఫా’ మఖ్‌రజ్ నుండి, అంటే కింది పెదవిని పై పళ్లకు ఆనించి గొంతు కలిపి పలికే ధ్వని. ఈ పోలికను ఒక్క రోజు చెబితే చాలు, విద్యార్థి తానే వెతికి సరిచేసుకుంటాడు.

తెలుగు పిల్లలు ‘బస్సు’, ‘బుక్కు’ అని చివర ఒక అచ్చు చేరుస్తారు. అక్కడ ‘సుకూన్‌తో ఆపు’ అంటే ఏ మక్తబ్ పిల్లవాడికైనా అర్థమవుతుంది. ఉర్దూ ఇంటి పిల్లలు ‘ఇస్కూల్’, ‘ఇస్టేషన్’ అని ముందు ఒక అచ్చు చేరుస్తారు. వారిని మొదట ‘స్‌’ను కాస్త సాగదీసి, ఆపకుండా తరువాతి అక్షరంలోకి వెళ్లమనాలి. మా వద్ద చదివిన ఒక హాఫిజ్ విద్యార్థి ఎక్కడో ‘ఇస్కూల్’ అన్నందుకు నలుగురూ నవ్వారట. ఆ తరువాత ఏడాది పాటు ఇంగ్లీషు పలకనే లేదు. దీనిని అవమానంగా కాక ఒక మఖ్‌రజ్ సాధనగా అతడి ముందు ఉంచాము. వారం రోజుల మష్ఖ్‌తో ఆ మాట సాఫీ అయింది. అంతకంటే ముఖ్యంగా అతడు మళ్లీ మాట్లాడసాగాడు.

రెండవది వ్యాకరణం. తెలుగులోనూ ఉర్దూలోనూ లేని ‘ఎ’, ‘ది’ అనే చిన్న మాటలు మన పిల్లలను జీవితాంతం ఇబ్బంది పెడతాయి. మఅరిఫా, నకిరా చదివిన విద్యార్థికి వీటి మర్మం సగం తెలిసినట్లే. ‘రజులున్’ అంటే ఎవరో ఒక మనిషి, ‘అర్రజులు’ అంటే మనకు తెలిసిన ఆ మనిషి. అయితే అరబ్బీ ఇక్కడ దారి తప్పించే చోటు కూడా ఒకటున్నది. జ్ఞానం, సహనం, జీవితం వంటి భావాలను సాధారణంగా చెప్పేటప్పుడు అరబ్బీ ‘అల్’ చేరుస్తుంది, ఇంగ్లీషు ‘ది’ చేర్చదు. ‘నాలెడ్జ్ ఈజ్ లైట్’ అనాలి. మన విద్యార్థి ‘ది నాలెడ్జ్’ అంటాడు. ఈ తేడాను ముందే చెప్పి ఉంచాలి.

‘జైదున్ ఆలిమున్’ అనే అరబ్బీ వాక్యంలో ముబ్తదా, ఖబర్ తప్ప మూడవ మాట లేదు. తెలుగులోనూ ‘జైద్ పండితుడు’ అంటే సరిపోతుంది. కనుక మన పిల్లలు ‘హీ టీచర్’ అనేస్తారు. ఇంగ్లీషుకు మధ్యలో ‘ఈజ్’ తప్పనిసరి. ఇక్కడ సహాయపడేది ఉర్దూలోని ‘హై’. ఇంటి మాట వదిలేస్తే అది వాక్యం ఎలా కాదో, ‘ఈజ్’ వదిలేస్తే ఇదీ వాక్యం కాదని చెప్పవచ్చు. ‘ఇంట్లో’, ‘ఇంటికి’, ‘ఇంటి నుండి’ అని తెలుగు విభక్తిని వెనుక తగిలిస్తుంది. అరబ్బీ హర్ఫె జర్ర్‌లు, ఇంగ్లీషు ‘ఇన్’, ‘టు’, ‘ఫ్రమ్’లు పేరుకు ముందు నిలుస్తాయి. ఇక సర్ఫ్ గర్దాన్‌లు కంఠస్థం చేసిన బుద్ధికి ‘గో, వెంట్, గాన్’ ఎంత? అరబ్బీ ఫేల్‌కు ఉన్నన్ని రూపాలలో నాలుగో వంతైనా ఇంగ్లీషు క్రియకు లేవు.

చదివే అలవాటు: అన్నిటికీ పునాది

మైకేల్ వెస్ట్ అనే ఆంగ్ల ఉపాధ్యాయుడు వంద ఏళ్ల క్రితం ఢాకాలో పనిచేస్తూ ఒక చేదు నిజాన్ని గమనించారు. బెంగాల్ పిల్లల్లో చాలామంది చదువు పూర్తి కాకముందే బడి మానేస్తున్నారు. సగంలో ఆగిన వ్యాకరణం వారికి దేనికీ పనికిరాదు. సులభమైన పుస్తకం చదివే శక్తి మాత్రం, ఎంత వస్తే అంత, వారి దగ్గరే మిగిలిపోతుంది. అందుకే ఆయన పిల్లల కోసం తక్కువ పదాలతో, ఒక్కొక్క మెట్టుగా సాగే వాచకాలు తయారుచేశారు. నిత్యం ఎక్కువగా వాడే సుమారు 2,000 ఆంగ్ల పదాలతో ఆయన రూపొందించిన జాబితా 1953లో వెలువడింది. మన మదర్సాల్లోనూ పేదరికం వల్ల మధ్యలో చదువు మానేసేవారు ఉన్నారు గనుక ఈ మాట మనకూ వర్తిస్తుంది.

1980ల ఆరంభంలో ఫీజీ దీవుల గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని తరగతులకు ఒక్కొక్క దానికి సుమారు 250 ఆంగ్ల కథల పుస్తకాలు ఇచ్చారు. పిల్లలు రోజూ వాటిని చదివారు, ఉపాధ్యాయులతో కలిసి పంచుకున్నారు. మామూలు పాఠాలకే పరిమితమైన పిల్లలతో పోలిస్తే వీరు చదివి అర్థం చేసుకోవడంలోనూ, విని అర్థం చేసుకోవడంలోనూ దాదాపు రెట్టింపు వేగంతో ముందుకు సాగారు. అక్కడ పెరిగినది వ్యాకరణ బోధన కాదు, ఇష్టంగా చదివే కథల సంఖ్య.

ఈ కిటుకు మనకు కొత్త కాదు. మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ పిల్లల కోసం అరబ్బీలో రచించిన ‘ఖససున్నబియ్యీన్’ను ఎన్నో మదర్సాల్లో చదివిస్తున్నాము. చిన్న వాక్యాలు, మళ్లీ మళ్లీ వచ్చే సులభ పదాలు, మనసును పట్టే కథ. ఆ పుస్తకానికి ఆంగ్లానువాదం కూడా ఉన్నది. అరబ్బీలో చదివిన కథనే ఆంగ్లంలో చదివితే అర్థం ముందే తెలిసి ఉంటుంది, పదాలు వాటంతట అవే అర్థమవుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ బడి పిల్లల ఇళ్లలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉంటే, మొదట తెలుగు పుట చదివి తరువాత ఇంగ్లీషు పుటకు రావాలి.

పుస్తకం ఎంచుకోవడానికి ఒక తూకం చెబుతాము. ఒక పుట తెరిచి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పుట పూర్తయ్యేలోగా ఐదు వేళ్లూ మడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి పక్కన పెట్టి, అంతకంటే తేలికైనది ఇవ్వండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇరవై ఏళ్ల విద్యార్థి అయినా అలిఫ్ నుండి మొదలుపెట్టకుండా ఖుర్ఆన్ వరకు రాలేదు గదా.

పదాలకు సబఖ్, సబ్ఖీ, మంజిల్

హిఫ్జ్ తరగతిలో పిల్లవాడు రోజుకు మూడు పనులు చేస్తాడు. కొత్త పాఠం సబఖ్, ఇటీవలి రోజులది సబ్ఖీ, పాతది మంజిల్. ఈ మూడింటిలో ఒక్కటి వదిలినా కంఠస్థం నిలవదని ప్రతి హాఫిజ్‌కూ తెలుసు. ఆంగ్ల పదాలను మాత్రం ఒకసారి రాసి, ఒకసారి అప్పజెప్పి వదిలేస్తున్నాము. నెల తిరిగేసరికి అవి ఎగిరిపోతున్నాయి.

రోజుకు ఐదు కొత్త మాటలు సబఖ్‌గా ఇవ్వండి. గడచిన వారం మాటలు సబ్ఖీగా వినండి. శుక్రవారం ఆ నెల మాటలన్నీ మంజిల్‌గా వినండి. వారానికి ఐదు రోజులు సాగినా ఏడాదికి వెయ్యి మాటలు దాటుతాయి. పైన చెప్పిన రెండు వేల పదాల ఖజానా రెండేళ్లలో చేతికి వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మాటను ఒంటరిగా కాక జంటగా నేర్పాలి. ‘వెయిట్’ అని ఒక్కటే కాదు, ‘వెయిట్ ఫర్ ది బస్’ అని చెప్పించాలి. అరబ్బీలో ఏ ఫేల్ తరువాత ‘ఇలా’ వస్తుందో, ఏ ఫేల్ తరువాత ‘అలా’ వస్తుందో కలిపి నేర్చుకుంటాము. ఆంగ్లానికీ అదే నియమం.

తక్రార్: మాటలు వచ్చే చోటు

మదర్సాల్లో ఉస్తాద్ పాఠం చెప్పి వెళ్లిన తరువాత రాత్రి వేళ విద్యార్థులు ఐదారుగురు చొప్పున గుండ్రంగా కూర్చుంటారు. వారిలో ఒకడు ఉస్తాద్ స్థానం తీసుకుని పాఠాన్ని తిరిగి చెబుతాడు, మిగిలినవారు అడ్డు ప్రశ్నలు వేస్తారు. ఈ తక్రార్ మన విద్యావ్యవస్థకు ప్రాణం. దీనినే రోజుకు ఇరవై నిమిషాలు ఆంగ్లంలో జరిపితే మాట్లాడే తరగతి కోసం వేల రూపాయలు చెల్లించనక్కరలేదు.

మొదటి నెలలో ఆ రోజు చదివిన కథను నాలుగు వాక్యాల్లో తిరిగి చెప్పడం చాలు. రెండవ నెలలో ఒకడు రోగి, ఒకడు వైద్యుడు. ఒకడు ప్రయాణికుడు, ఒకడు టికెట్ గుమస్తా. తరువాత నమాజ్‌కు ముందు వుజూ ఎలా చేయాలో, రోజా ఎందుకు ఉంటామో ఒక పొరుగింటి మిత్రుడికి చెబుతున్నట్లు ఆంగ్లంలో చెప్పించాలి. తెలిసిన విషయమే గనుక ఆలోచన కోసం తడుముకోనక్కరలేదు, మాట కోసం తడుముకుంటే చాలు. ఆడపిల్లల మదర్సాల్లో కూడా ఈ వలయాలు అంతే చక్కగా సాగుతాయి.

ఇక తప్పులు దిద్దే పద్ధతి. పిల్లవాడు వాక్యం ముగించేవరకు ఆపకండి. ముగించిన తరువాత అదే వాక్యాన్ని సరైన రూపంలో మీరు ఒకసారి పలకండి. ‘వేర్ యూ ఆర్ గోయింగ్’ అని అతడంటే, ‘వేర్ ఆర్ యూ గోయింగ్’ అని మీరు అడగండి. రాతలో రోజుకు ఐదు వాక్యాలు చాలు: నేడు ఏమి చదివాను, ఏమి తిన్నాను, ఎవరిని కలిశాను. పుట నిండా ఎర్ర సిరా పోయకండి. ఈ వారం ‘ఈజ్’, ‘ఆర్’ మాత్రమే దిద్దండి. వచ్చే వారం గతకాలపు క్రియలు. అన్నీ ఒకేసారి దిద్దితే పిల్లవాడికి ఏదీ గుర్తుండదు, తన చేతకానితనం ఒక్కటే గుర్తుంటుంది.

తల్లిదండ్రులకు రెండు మాటలు

మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి నేర్పగలం అని చాలామంది తల్లులు అంటుంటారు. అమ్మా, మీరు నేర్పనక్కరలేదు, వినండి చాలు. రాత్రి భోజనాల తరువాత పదిహేను నిమిషాలు పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషు కథ బిగ్గరగా చదవమనండి. తరువాత దాని అర్థం మన భాషలో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్లు, తడబడితే ఆ పుస్తకం కష్టమైనదని మీకే తెలుస్తుంది. ఫోనులో అతడి గొంతును నమోదు చేసి నెల తరువాత మళ్లీ వినిపించండి. తన ఎదుగుదల తన చెవులతో విన్న పిల్లవాడికి వేరే ప్రోత్సాహం అక్కరలేదు.

ఇంట్లో తెలుగు, ఉర్దూ మానేసి వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడటం వల్ల మేలు జరగదు. తన భాషలో ఒక విషయాన్ని వరుసగా చెప్పగలిగిన బిడ్డ మరొక భాషలోనూ చెప్పగలుగుతాడు. నానమ్మ చెప్పే కథలు, ఇంటి పత్రిక చదవడం, మాటకు మాట జవాబు చెప్పే చనువు, ఇవన్నీ ఇంగ్లీషుకు కూడా పునాదులే. బంధువుల ముందు ‘అంకుల్‌కు ఇంగ్లీషులో చెప్పు’ అని పిల్లవాడిని నిలబెట్టి, తడబడితే నవ్వుకోవడం మాత్రం దయచేసి మానండి. కుమారుడికి పుస్తకం కొన్న చేత్తోనే కుమార్తెకూ కొనండి. రేపు తన బిడ్డ పక్కన కూర్చుని చదివించేది ఆమే.

పరీక్షల ద్వారాలు కూడా మూసుకుపోలేదు. సార్వత్రిక పాఠశాలల ద్వారా మదర్సా విద్యార్థులు పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఆంగ్లం ఒక సబ్జెక్టుగా రాయవచ్చు. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మదర్సా పట్టభద్రులు ఆధునిక విద్యలోకి అడుగుపెట్టేందుకు బ్రిడ్జి కోర్సులు నిర్వహిస్తున్నది. ఆంగ్లంలో కాస్త పట్టు ఉన్నవారికి ఈ మెట్లు ఎక్కడం తేలిక.

రోజుకు ఒక్క గంట

మదర్సా నిర్వాహకులు పాఠ్యక్రమంలో పెద్ద మార్పులేవీ చేయనక్కరలేదు. ఇరవై నిమిషాలు చదవడం, పది నిమిషాలు పదాల సబఖ్, ఇరవై నిమిషాలు తక్రార్, పది నిమిషాలు ఐదు వాక్యాల రాత. మొత్తం ఒక గంట. ఒక అలమారా, అందులో వంద చిన్న పుస్తకాలు, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు. మా అనుభవంలో మొదటి మూడు నెలలు ఏమీ మారినట్లు కనిపించదు. ఆ దశలోనే చాలామంది విసిగి వదిలేస్తారు. ఆరో నెలలో పిల్లలు తమలో తాము ఇంగ్లీషులో హాస్యమాడుకోవడం మొదలవుతుంది. అప్పుడు ఆ భాష వారిదైందని తెలుసుకోవచ్చు.

ఫిరౌన్ దర్బారుకు వెళ్లవలసి వచ్చినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) తన హృదయాన్ని విశాలం చేయమని, తన పనిని సులభం చేయమని, ప్రజలు తన మాట అర్థం చేసుకునేలా తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. మన పిల్లలు పాఠానికి ముందు ఈ దుఆ రోజూ చదువుతారు. ఆయన కోరినది నలుగురి మెప్పు పొందే వాగ్ధాటిని కాదు, ఎదుటివారికి తన మాట అర్థం కావడాన్ని. ఆంగ్లం నేర్చుకునే మన పిల్లల లక్ష్యం కూడా ఇదే కావాలి. ఒప్పంద పత్రం చదివి తన హక్కు తెలుసుకోవడానికి, తల్లి జబ్బును వైద్యుడికి వివరించడానికి, తరగతిలో సందేహం అడగడానికి, పొరుగువాడి ప్రశ్నకు మర్యాదగా జవాబు చెప్పడానికి ఆ భాష వారికి అక్కరకు రావాలి. ఈ రాత్రి భోజనాల తరువాత ఇంట్లో ఉన్న తేలికైన ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి తీయించండి. పదిహేను నిమిషాలు బిగ్గరగా చదివించి, ఓపికగా వినండి.